సముద్రంలో విత్తనాల గాదె

మన తాతల నాటి ఇళ్ళలో ఒక నియమం ఉండేది. పంట నూర్చి గింజ ఇంటికి చేరగానే, అమ్మకానికి ఇంత, తిండికి ఇంత అని లెక్క వేయకముందే విత్తనాలకు కావలసినది వేరు చేసి, వేపాకు కలిపి, కుండలోనో గాదెలోనో భద్రం చేసేవారు. ఆ తరువాత ఎంత కరువు వచ్చినా ఆ కుండ మీద ఎవరూ చేయి వేసేవారు కారు. విత్తనపు గింజను వండుకు తిన్న ఇంటికి మరుసటి ఏడు పొలం ఉన్నా లేనట్టే. ఈ నియమానికి పోలీసు కాపలా లేదు, కోర్టు లేదు. ఇంటిల్లిపాదికీ దాని విలువ తెలుసు గనుక ఇంటిల్లిపాదీ కాపలాయే.

భూమి మీద ఈ మాట అందరికీ అర్థమవుతుంది. మరి సముద్రం మీద బ్రతికేవారి సంగతి ఏమిటి? వారు విత్తనం చల్లరు, నీరు పెట్టరు, కలుపు తీయరు. వల వేస్తారు, దొరికింది తెచ్చుకుంటారు. సముద్రం ఎంత తీసినా తరగదని వేల ఏళ్ళుగా మనుష్యులు నమ్ముతూ వచ్చారు. ఆ నమ్మకం తప్పని ఒక తరంలోనే తెలుసుకుని, సముద్రంలో సైతం ఒక విత్తనాల గాదె కట్టుకున్న చిన్న దీవి ఒకటి ఉన్నది. దాని పేరు అపో. ఫిలిప్పీన్స్ దేశంలో నీగ్రోస్ అనే పెద్ద దీవికి ఆనుకొని, తీరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. విస్తీర్ణం ఒక చదరపు కిలోమీటరు కూడా లేదు. అక్కడ నివసించేది కొన్ని వందలమంది మాత్రమే. అయినా సముద్రాన్ని కాపాడటానికి చట్టాలు వ్రాసేవారు ఎందరో ఆ దీవికి వెళ్ళి పాఠం నేర్చుకున్నారు.

ఆ పాఠం ఏమిటో చదువరులు ఓపికతో గమనించవలెనని కోరుతున్నాము. అది చేపల గురించి మాత్రమే కాదు. చట్టం ఎక్కడ పుడుతుంది, ఎక్కడ చస్తుంది అనేదాని గురించి కూడా.

పగడం రాయి కాదు

పగడం అనగానే మనకు గుర్తుకు వచ్చేది ఉంగరంలోని ఎర్రరాయి. నిజానికి పగడం రాయి కాదు, ప్రాణి. గోరంత కూడా లేని మెత్తని జీవులు వేలు, లక్షలుగా ఒకచోట చేరి, సముద్రపు నీటిలోని సున్నాన్ని తీసుకుని తమ చుట్టూ గూడు కట్టుకుంటాయి. పాతవి చనిపోతే వాటి గూళ్ళ మీద కొత్తవి కట్టుకుంటాయి. ఇలా వందల, వేల సంవత్సరాలు కట్టగా కట్టగా ఏర్పడినవే పగడపు దిబ్బలు. పాఠ్యపుస్తకాలలో వీటినే ప్రవాళ భిత్తికలు అంటారు. బండల వలె పెరిగే పగడాలు సంవత్సరానికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతాయి. మనిషి ఎత్తు దిబ్బ లేవాలంటే ఎన్ని తరాలు పడుతుందో లెక్క వేసి చూడండి.

ఈ జీవుల ఒంటిలో కంటికి కనిపించని నాచు మొక్కలు కాపురం ఉంటాయి. అవి సూర్యకాంతితో ఆహారం తయారుచేసి పగడానికి పెడతాయి. పగడం వాటికి ఇల్లు ఇస్తుంది. ఒకదానికి ఒకటి ఆధారం. నీరు బురదగా మారి వెలుతురు అందకపోయినా, మామూలు వేసవి వేడికంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు నిలిచినా ఈ కాపురం చెదిరిపోతుంది. నాచు వెళ్ళిపోతుంది. పగడం ఎముకవలె తెల్లబడుతుంది. వేడి త్వరగా తగ్గకపోతే చనిపోతుంది.

సముద్రగర్భంలో పగడపు దిబ్బలు ఆక్రమించిన స్థలం నూటికి ఒక వంతు కూడా లేదు. అయినా సముద్ర జీవులలో దాదాపు నాలుగవ వంతు రకాలు తమ జీవితంలో ఏదో ఒక దశలో ఈ దిబ్బలను ఆశ్రయిస్తాయి. చేప గుడ్లు పెట్టేది అక్కడ, పిల్లలు దాగేది అక్కడ. తుఫానులో అలల పోటును ముందుగా ఎదుర్కొని తీరంలోని గుడిసెలను కాచేది కూడా ఆ దిబ్బలే. జాలరి కుటుంబానికి పగడపు దిబ్బ అంటే పొలమూ, గాదే, పెరటి గోడా అన్నీ కలిసినట్టు.

పుస్తకంలో చట్టం, నీటిలో బాంబు

ఇట్టి గాదెను మనుష్యులే పగలగొట్టారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత మిగిలిపోయిన పేలుడు మందు ఫిలిప్పీన్స్ తీరాలలో చేపల వేటకు వాడుకలోకి వచ్చింది. సీసాలో మందు కూరి, వత్తి అంటించి నీటిలోకి విసిరితే క్షణంలో వందల చేపలు తేలుతాయి. పెద్దవీ, పిల్లలూ, పనికి రానివీ అన్నీ చస్తాయి. అడుగున ఉన్న పగడం పొడిపొడి అవుతుంది. మరికొందరు సైనైడ్ విషం చిమ్మి, మత్తెక్కిన రంగు చేపలను పట్టి, అద్దాల తొట్లలో పెంచుకునేవారికి అమ్మారు. ఇంకొక పద్ధతి మురోఅమి. బాలురను వరుసగా నీటిలోకి దింపి, త్రాళ్ళకు కట్టిన రాళ్ళతో పగడం మీద బాదించి, బెదిరిన చేపలను వలలోకి తోలేవారు. పగడమూ పగిలేది, పిల్లల బాల్యమూ పగిలేది. 1986లో ప్రభుత్వం ఈ పద్ధతిని నిషేధించింది.

చట్టాలు లేక ఇదంతా జరగలేదు. 1975 నాటి చేపల వేట శాసనం పేలుడు పదార్థాలతో, విషంతో చేపలు పట్టడం నేరమన్నది. 1977లో పగడాల మీదనే ప్రత్యేకంగా శాసనం వచ్చింది. రాజధాని మనీలాలో కాగితం మీద అన్నీ ఉన్నాయి. కాని వేల దీవులు ఉన్న దేశంలో ప్రతి తీరానికీ కాపలా పడవను ఎవరు పంపగలరు? పంపినా, రేపటి కూటికి లేని జాలరి ఈ రోజు సీసా విసరక మానుతాడా? ప్రక్క ఊరివాడు విసరుతుంటే నేనొక్కడినే మానితే నాకు నష్టం, వాడికి లాభం అని ప్రతివాడూ తలంచాడు. అందరూ కలిసి అందరి గాదెనూ పగలగొట్టుకున్నారు.

ఒక కళాశాల, ఒక ఉపాధ్యాయుడు

నీగ్రోస్ దీవిలో డుమగేటె అనే పట్టణం ఉన్నది. 1901లో ప్రెస్బిటేరియన్ మిషనరీలు అక్కడ సముద్రపు ఒడ్డున ఒక చిన్న బడి స్థాపించారు. అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రానికి చెందిన హొరేస్ సిలిమన్ అనే దాత పదివేల డాలర్లు ఇవ్వగా ఆయన పేరే దానికి పెట్టారు. అదే నేటి సిలిమన్ విశ్వవిద్యాలయం.

ఏంజెల్ అల్కాలా ఆ విశ్వవిద్యాలయంలోనే చదువుకొని, అక్కడే అధ్యాపకుడయ్యారు. ఆయన 1929లో జన్మించారు. చేపల చెరువు దగ్గర పనిచేసిన తండ్రికి పెద్ద కుమారుడు. పై చదువులకు అమెరికా వెళ్ళి స్టాన్‌ఫర్డ్‌లో డాక్టరేటు పొందినా, తిరిగి సొంత తీరానికే వచ్చారు. మొదట కప్పలు, పాముల మీద పరిశోధన చేసిన ఆయన, తన కళ్ళ ముందే సముద్రం ఖాళీ అవుతున్న సంగతి గమనించి పగడాల వైపు తిరిగారు. ఆయన ఆలోచన సాదా. సముద్రమంతా వేట మాన్పించడం జరిగే పని కాదు. కాని ఒక్క మూలను పూర్తిగా వదిలివేస్తే? అక్కడ చేపలు పెద్దవై, గుడ్లు పెట్టి, నిండి, చుట్టుప్రక్కలకు పొంగి రావా?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. పెద్ద చేప పెట్టే గుడ్లకూ చిన్న చేప పెట్టే గుడ్లకూ పోలిక లేదు. ఎర్ర స్నాపర్ అనే చేపలో శాస్త్రజ్ఞులు లెక్క వేయగా, 61 సెంటీమీటర్ల చేప ఒక్కటే, 42 సెంటీమీటర్ల చేపలు 212 కలిసి పెట్టినన్ని గుడ్లు పెడుతుందని తేలింది. పెద్ద చేప అంటే విత్తనాల కుండ అన్నమాట. వలలో మొదట పడేది కూడా అదే.

రెండు దీవుల కథ

1974లో సెబు ప్రాంతంలోని సుమిలోన్ అనే చిన్న దీవి దగ్గర అల్కాలా, ఆయన తోటివారు మొదటి ప్రయత్నం చేశారు. దీవి చుట్టూ ఉన్న పగడపు దిబ్బలో సుమారు నాలుగవ వంతును వేట లేని స్థలంగా ఏర్పరచారు. స్థానిక ప్రభుత్వ ఉత్తర్వు ఉన్నది, విశ్వవిద్యాలయం కాపలా ఉన్నది. దాదాపు పదేళ్ళు గడిచేసరికి ఫలితం కనబడింది. వేట ఆపిన చోట చేపలు నిండాయి. వేట సాగిన మిగిలిన మూడు వంతులలో కూడా దిగుబడి బాగున్నది.

అయితే ఆ ఏర్పాటు బయటివారు చేసినదిగానే మిగిలిపోయింది. ఒడ్డున ఉన్న ఊళ్ళవారికి అది తమదని అనిపించలేదు. స్థానిక రాజకీయాలు మారాయి. 1984లో కాపలా కూలిపోయింది. ఆంక్షలు పోగానే జాలరులు ఆ మూల మీద పడ్డారు. బాంబులు వచ్చాయి, మురోఅమి వచ్చింది. ఇప్పుడు వేటకు దిబ్బ మొత్తం చేతిలో ఉన్నది గదా, ఎక్కువ చేపలు దొరకాలి గదా? పద్దెనిమిది నెలల తరువాత లెక్క చూస్తే దీవి మొత్తం దిగుబడి 54 శాతం పడిపోయింది. స్థలం పెరిగింది, చేప తగ్గింది. విత్తనాల కుండ వండుకు తిన్న ఇంటి కథ ఇదే.

ఇప్పుడు అపో దీవికి వద్దాం. 1979లో సిలిమన్ బృందం ఆ దీవికి వెళ్ళినప్పుడు అక్కడి జాలరులు చేపల కోసం చాలా దూరం పడవలు నడుపుకొని పోవలసి వస్తున్నది. తమ దిబ్బ దగ్గర చేప లేదు. అయినా వేట ఆపమంటే ఎవరు ఒప్పుకుంటారు? ఉన్నదే కొంచెం, అందులో కూడా కొంత వదులుకోమంటే? సందేహపడటంలో వారి తప్పు లేదు.

అందుచేత వచ్చినవారు ఉత్తర్వు తేలేదు. కూర్చున్నారు, మాట్లాడారు, విన్నారు. మూడేళ్ళు ఇదే పని. కొందరు జాలరులను పడవలో సుమిలోన్‌కు తీసుకువెళ్ళి, వేట ఆపిన చోట నీటిలో ఏమి ఉన్నదో కళ్ళతో చూడనిచ్చారు. అప్పటికి సుమిలోన్ ఇంకా చెడలేదు. వంద ఉపన్యాసాలు చేయలేని పని ఆ ఒక్క ప్రయాణం చేసింది. 1982లో కొన్ని కుటుంబాలు ముందుకు వచ్చాయి. తీరం పొడవున సుమారు 450 మీటర్లు, తమ వేట స్థలంలో పదవ వంతు మాత్రమే, వేట లేని స్థలంగా ఒప్పుకున్నారు. ఊరివారే ఒడ్డున కూర్చుని వంతులవారీగా కాపలా కాశారు. జీతం లేదు, తుపాకి లేదు.

కొన్నేళ్ళు గడిచేసరికి ఆ మూలలో చేపలు పెరగడం మిగిలిన కుటుంబాలు కూడా చూశాయి. 1985 నాటికి దీవి అంతా ఒక్కమాట మీదికి వచ్చింది. పురపాలక సంఘం దానికి చట్టబలం ఇచ్చింది. అంతేకాదు, దీవి చుట్టూ బాంబు, విషం, మురోఅమి, సన్న కన్నుల వలలు పనికిరావని, గాలం, మామూలు వల, వెదురు బుట్ట వంటి వాటితోనే వేట సాగాలని నియమం చేసుకున్నారు. సముద్రపు కాపరులను వారి భాషలో బంతాయ్ దాగత్ అంటారు. ఆ కాపరులు అదే ఊరి బిడ్డలు. దొంగవేటకు వచ్చినవాడు ఏ ఊరివాడో, ఎవరి కొడుకో వారికి తెలుసు.

గమనించండి. సుమిలోన్‌లో చట్టం ముందు వచ్చి, మనుష్యుల మనస్సు కోసం ఎదురుచూచింది. అపోలో మనస్సు ముందు మారి, తరువాత చట్టాన్ని పిలుచుకున్నది. రెండు దీవులలోనూ ఉన్నది అదే సముద్రం, అదే పగడం, అదే శాస్త్రజ్ఞుడు.

చేపలు ఏమి చెప్పాయి

ఇది మంచి మాట కోసం చెప్పే కథ కాదు, లెక్కలు ఉన్నాయి. అల్కాలా, ఆస్ట్రేలియాకు చెందిన గారీ రస్ కలిసి ఏటేటా నీటిలో దిగి చేపలను లెక్కపెట్టారు. అపో జాలరుల దిగుబడిలో ముఖ్యమైన రెండు కుటుంబాలకు చెందిన చేపల రాశి, వేట ఆపిన చోట 1983 నుండి 2001 వరకు 18 సంవత్సరాలలో మూడింతలు అయ్యింది. ఆ చోటుకు సమీపంలో, వేట సాగుతున్న చోట కూడా చేపలు పెరిగాయి. గాలం వేసేవారికి గంటకు దొరికే చేప ఎక్కువైంది, సముద్రం మీద గడపవలసిన గంటలు తగ్గాయి. తండ్రి పొద్దుగూకకముందే ఇల్లు చేరుతున్నాడంటే ఆ ఇంటికి అది ఎంత మేలో వేరే చెప్పనక్కరలేదు.

మరొక ఆదాయం కూడా వచ్చింది. అందమైన పగడాలను చూడటానికి దేశదేశాల నుండి యాత్రికులు వచ్చి రుసుము చెల్లించసాగారు. ఆ సొమ్ముతో కాపలా ఖర్చులు గడిచాయి. యాత్రికుల రాకతో కొన్ని కుటుంబాలకు క్రొత్త పనులు దొరికాయి. దీవి పిల్లలలో చాలామంది పై తరగతుల చదువుకు అవతలి తీరానికి వెళ్ళగలిగారు.

చట్టం చేయగలిగినది, చేయలేనిది

అపో వంటి ఊళ్ళను చూచి దేశం చట్టాలను మార్చుకున్నది. 1991 నాటి స్థానిక ప్రభుత్వాల చట్టం తీరం నుండి 15 కిలోమీటర్ల వరకు సముద్రాన్ని ఆయా పురపాలక సంఘాల అధీనంలో ఉంచింది. 1992లో రక్షిత ప్రాంతాల చట్టం వచ్చింది. అదే సంవత్సరం అల్కాలా రామన్ మెగసేసే బహుమతి పొందారు. దేశ పర్యావరణ శాఖకు కార్యదర్శిగా, అంటే మన లెక్కలో మంత్రిగా, నియమితులై 1995 వరకు పనిచేశారు. 1998 నాటి చేపల వేట చట్టం పగడాన్ని తీయడం, అమ్మడం నేరమన్నది. ప్రతి తీరపు పురపాలక సంఘమూ వీలున్నచోట తన నీటిలో కనీసం 15 శాతం చేపల ఆశ్రయ స్థలంగా కేటాయించాలని చెప్పింది. నేడు ఆ దేశంలో అటువంటి స్థలాలు వెయ్యికి మించి ఉన్నాయి.

అదే కాలంలో అక్కడి సుప్రీం కోర్టు 1993లో ఇచ్చిన తీర్పు ఒకటి జ్ఞాపకం ఉంచుకోదగినది. అడవుల నరికివేతను ఆపమని కొందరు పిల్లలు తమ తల్లిదండ్రుల ద్వారా దావా వేశారు. తమ కొరకే కాదు, ఇంకా పుట్టని తరాల కొరకు కూడా అడుగుతున్నామన్నారు. కోర్టు ఆ హక్కును ఒప్పుకున్నది. ఆ దావా అడవుల గురించే అయినా పగడాలకు కూడా సంబంధించినదే. కొండ మీద చెట్టు పోతే మట్టి కొట్టుకొని వచ్చి పగడాన్ని కప్పివేస్తుంది. పుట్టని బిడ్డ తరఫున చట్టం మాట్లాడవచ్చునన్న మాట లోకమంతటా న్యాయవాదులు నేటికీ ఉదాహరిస్తున్నారు.

అయితే చట్టం పెద్దదైన కొద్దీ ఒక ప్రమాదం కూడా వచ్చింది. 1994లో అధ్యక్షుని ప్రకటన ద్వారా అపో జాతీయ రక్షిత ప్రాంతమయ్యింది. గౌరవమే. కాని నిర్ణయాలు ఊరి కమిటీ చేతి నుండి ప్రభుత్వ మండలికి మారాయి. యాత్రికుల రుసుములో నాలుగవ వంతు కేంద్ర నిధికి వెళ్ళవలసి వచ్చింది. మిగిలినది తిరిగి రావడం కూడా ఆలస్యమయ్యేది. తాము కట్టుకున్న ఇంటిలో తామే అద్దెకు ఉన్నట్టు దీవివారు బాధపడ్డారని అక్కడ పరిశోధన చేసినవారు వ్రాశారు. ఊరివారిని కాపలాదారులుగా చేసిన చట్టం బ్రతుకుతుంది. చూపరులుగా చేసిన చట్టం సుమిలోన్ దారి పడుతుంది. ఆ వెయ్యి ఆశ్రయ స్థలాలలో కూడా చాలా భాగం కాగితం మీదనే ఉన్నాయన్నది విచారకరమైన నిజం.

ఊరివారు ఎంత బాగా కాచినా ఆపలేనివి కూడా ఉన్నాయి. 2011 డిసెంబరులోను, మరల 2012 డిసెంబరులోను వచ్చిన తుఫానులు అపోలో వేట ఆపిన ఆ మూలనే దారుణంగా దెబ్బతీశాయి. ముప్పై ఏళ్ళు కాచిన పగడం గుట్టలు గుట్టలుగా విరిగిపడింది. దీవివారు ఏమి చేశారు? ఎలాగూ పోయింది గదా అని వలలు వేయలేదు. డబ్బు తెచ్చే యాత్రికులను సైతం ఆ మూలకు రానివ్వకుండా ఆపి, పగడం తిరిగి మొలవడానికి గడువు ఇచ్చారు. విత్తనాల కుండ పగిలినప్పుడు చెదిరిన గింజలను ఏరుకుని మరల దాచుకున్నట్టే.

ఇంకా పెద్ద కష్టం వేడి. బొగ్గు, నూనె కాల్చిన పొగ వలన లోకమంతా వేడెక్కుతున్నది. 2024 ఏప్రిల్‌లో శాస్త్రజ్ఞులు ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడుతున్నాయని ప్రకటించారు. అట్టి విపత్తు లెక్కలో నాలుగవది అది. 450 మీటర్ల తీరాన్ని కాచే ఊరు ఆకాశాన్ని కాయలేదు. దానికి దేశాల మధ్య ఒప్పందాలు కావాలి, అందులో మన దేశమూ ఉండాలి. అయితే బాంబు దెబ్బ, బురద, విషం లేని పగడానికి వేడి దెబ్బ నుండి కోలుకునే అవకాశం ఎక్కువ. జబ్బు చేసిన బిడ్డకు ముందుగా ఆకలి లేకుండా చూచినట్టు, మన చేతిలో ఉన్న హాని మనం ఆపాలి.

మన తీరాన

మన దేశంలో కూడా ఈ కథ జరిగింది. తమిళనాడులోని తూత్తుకుడి తీరంలో సున్నం కోసం, కట్టడాల కోసం ఎన్నో ఏళ్ళు పగడాన్ని త్రవ్వి తీశారు. మన్నార్ సింధుశాఖలోని 21 దీవులను 1986లో సముద్ర జాతీయ పార్కుగా ప్రకటించినా ఆ పని వెంటనే ఆగలేదు. రెండు చిన్న దీవులు నీట మునిగిపోయాయి. చుట్టూ ఉన్న పగడపు గోడను తీసివేసిన తరువాత అలలను ఎవరు ఆపుతారు? 2001లో పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, పులి, ఏనుగుల వరుసలో చేర్చారు. నేడు మన దేశంలో పగడపు దిబ్బను పగలగొట్టడం పులిని చంపినంత నేరం.

మన తెలుగు తీరంలో అంతటి పగడపు దిబ్బలు లేవు గాని, విత్తనాల గాదె నియమం ఉన్నది. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరమంతటా మరపడవల వేట నిషేధం. చేప గుడ్లు పెట్టే కాలం గనుక. ఆ రెండు నెలలు మన మత్స్యకార కుటుంబాలు ఎంత ఇరుకున బ్రతుకుతాయో తీరపు ఊళ్ళవారికి తెలుసు. ఆ త్యాగం ఫలితం మిగిలిన పది నెలలూ మన అందరి పళ్ళెంలో పడుతున్నది. వారికి రావలసిన నిషేధ కాలపు భృతి సకాలంలో అందాలని అడగడం వారి పని మాత్రమే కాదు, చేప తినే మన పని కూడా.

ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయంలో ఒక చిన్న ఆజ్ఞ ఉన్నది. దారిలో పక్షి గూడు కనబడితే పిల్లలను తీసుకోవచ్చును గాని తల్లిని విడిచిపెట్టాలి. చదివి దాటిపోతాము. చెప్పింది ఒక్క పక్షి గురించే గదా అనిపిస్తుంది. అపో జాలరులు చేసినది అదే. తినవద్దని కాదు, తల్లిని విడిచిపెట్టమని.

మన ఊరిలో అట్టి తల్లి ఏది? చేపపిల్లలు పెరిగే చెరువా? మందు చల్లి, కరెంటు పెట్టి చేపలు పట్టే వాగా? ఇసుక తోడేస్తున్న ఏరా? ఏటేటా లోతుకు పోతున్న బోరుబావుల నీళ్ళా? వీటన్నిటి మీదా చట్టాలు ఉన్నాయి. మండల కార్యాలయంలో అడిగితే చూపిస్తారు. కాని ఆ చట్టానికి కాపలా ఒడ్డున కూర్చునేది ఎవరు? తల్లిదండ్రులు ఒక సాయంకాలం పిల్లలను వెంటబెట్టుకొని చెరువు గట్టు మీదికి వెళ్ళి, ఈ ప్రశ్న వారి ముందు పెట్టి చూడండి. ఊరి పెద్దలు నలుగురు కూర్చున్నప్పుడు ఒక్క మూలనైనా వదిలిపెట్టే మాట ఎత్తి చూడండి. మొదట కొన్ని ఇళ్ళే ఒప్పుకోవచ్చు. అపోలో కూడా మొదట కొన్ని ఇళ్ళే.

ఏంజెల్ అల్కాలా 2023 ఫిబ్రవరి 1న, 93 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన పేరు మీద బహుమతులు, బిరుదులు ఎన్నో ఉన్నాయి. కాని ఆయనకు నిలిచే జ్ఞాపకచిహ్నం అపో తీరంలో నీటి అడుగున ఉన్నది. విరిగిన చోట మరల మొలుస్తున్న పగడం, దాని సందులలో దాగిన చేపపిల్లలు, ఒడ్డున వంతు ప్రకారం కాపలా కూర్చున్న జాలరి. అతడి తరువాత ఆ వంతు అతడి కొడుకుది.